కార్డు మీద ఆపరేషన్, జేబు మీద మాత్ర

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం - ముద్రిత ప్రతి)



సుబ్బారావు గారి పేరున మాట్లాడేవాళ్లు ఆయన జీవితకథతో మొదలుపెట్టడం ఆనవాయితీ. 1895లో భీమవరంలో పుట్టుక, స్ప్రూ జబ్బుకు బలైన అన్నదమ్ములు, మద్రాసులో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్‌కు బదులు దక్కిన చిన్న పట్టా, హార్వర్డు, లెడర్లీ మందుల కంపెనీ, 1948లో న్యూయార్కులో మరణం. అవన్నీ మీకు తెలిసినవే. నేను ఫార్మకాలజీ పాఠం చెప్పి బతికినవాణ్ని కాబట్టి ఆయన మందులతోనే మొదలుపెడతాను. ఆయనా ఆయన బృందమూ ఇచ్చిన మూడు మందులు ఇవాళ మన పల్లెలకు మూడు వేరువేరు దారుల్లో వస్తున్నాయి. నేను చెప్పదలచుకున్నది ఆ దారుల గురించే.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. గర్భిణికి ఏఎన్‌ఎం చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. గర్భంతో ఉన్నన్నాళ్లలో 180 మాత్రలు వేసుకోవాలని లెక్క. ఆ తల్లిని కార్డు ఉందా అని ఎవరూ అడగరు.

రెండోది డైఇథైల్ కార్బమజైన్, మన ఆరోగ్య కార్యకర్తల నోట డీఈసీ. బోదకాలుకు కారణమయ్యే పురుగు మీద పనిచేసే మందు. శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా ఇంటింటికీ తిరిగి, వయసును బట్టి లెక్కకట్టి, ఎదురుగా నిలబడి మింగించిన మందు ఇది. దీనికి కార్డు లేదు, చీటీ లేదు, బిల్లు అసలే లేదు.

మూడోది మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు మొదట ఇచ్చిన అమినోప్టెరిన్ సుబ్బారావు బృందం పంపినదే. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి, ఆగస్టులో ఆయన పోయారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. ఇవాళ లుకేమియా బిడ్డకు ఆసుపత్రిలో కీమో ఇస్తే అది ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో పడుతుంది. అదే మందును రుమటాయిడ్ కీళ్లవాతానికి ఓపీలో చీటీ మీద రాస్తే మాత్రం కొనుక్కోవలసిందే.

ఆ చీటీని కాస్త దగ్గరగా చూడండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుళ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. అందుకే జాగ్రత్తపరుడైన డాక్టరు 'ఆదివారం మాత్రమే' అని తెలుగులో రాసి కింద గీత గీస్తాడు. దాని పక్కనే, వేరే రోజున వేసుకోమని ఫోలిక్ ఆమ్లం. అంటే ఒకే చీటీ మీద సుబ్బారావు గారివి రెండు మందులు. ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లినావిడ ఎన్ని కావాలంటే 'నాలుగు చాలు నాయనా' అంటుంది. కుర్రాడు కత్తెర తీసి స్ట్రిప్‌లోంచి నాలుగు మాత్రలు కత్తిరిస్తాడు. మందు పేరూ, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. పేరు లేని నాలుగు మాత్రలు కాగితం పొట్లంలో ఇంటికి చేరతాయి. వారానికొక్కటి అన్న మాట డాక్టరు గది నుంచి ఆ పొట్లం దాకా చెక్కుచెదరకుండా రావాలి, రాకపోతే అపాయం.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మెథోట్రెక్సేట్ ఖరీదైన మందేమీ కాదు. ధరల నియంత్రణలో ఉన్న అత్యావశ్యక మందుల జాబితాలో అదీ ఉంది, ఫోలిక్ ఆమ్లమూ ఉంది. ఆ ఇంటిని నలిపేది ఒక మాత్ర ధర కాదు. దానితో పాటు చేయించాల్సిన రక్తపరీక్షలు, నొప్పి మాత్రలు, పట్నానికి బస్సు చార్జీ, పోయిన కూలి, ఇదంతా బతికున్నన్నాళ్లూ నెలనెలా రావడం. ఏ నెల చేతిలో డబ్బు ఆడకపోతే ఆ నెల మందు ఆగుతుంది. చేతివేళ్లు వంకర తిరిగిన తర్వాత ఏ పథకమూ వాటిని సరిచేయలేదు.

ఇక పథకాల సంగతి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అంతకుముందు పేదవాడికి గుండె ఆపరేషన్ కావాలంటే ముఖ్యమంత్రి సహాయ నిధే దిక్కు. ఎమ్మెల్యే గారి లెటరు, ఆసుపత్రి ఎస్టిమేటు, సచివాలయం చుట్టూ ప్రదక్షిణ. ఆ అర్జీల కుప్పలోంచే ఈ పథకం పుట్టింది. అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు స్వయంగా డాక్టరు. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, దాటితే మరో 50 వేలు. 2008 నాటికి రాష్ట్రమంతటా వచ్చింది. తెల్లకార్డు పట్టుకుని కార్పొరేట్ ఆసుపత్రి గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్లడం అంటే ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. దాని విలువను తక్కువ చేసే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. బిడ్డ గుండెలో రంధ్రం పూడ్పించుకుని ఊరికి తిరిగొచ్చిన తల్లులను చూసినవాణ్ని.

ఆ తర్వాత పేర్లు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. జనం మాత్రం ఎవరు గెలిచినా 'ఆరోగ్యశ్రీలో పడుద్దా?' అనే అడుగుతున్నారు. అంకెలూ పెరిగాయి. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలైంది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలైంది. కేంద్రం ఆయుష్మాన్ భారత్ 2018 నుంచి 5 లక్షలు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ 25 లక్షల వైద్యం అవసరపడే కుటుంబం ఊరికి ఒకటి ఉంటుందో ఉండదో. నెలకు వెయ్యి రూపాయల మాత్రలు కొనే ఇల్లు మాత్రం ప్రతి వీధిలో ఉంది.

ఈ పథకాలన్నీ మంచం చుట్టూ అల్లినవి. అడ్మిషన్ అయితే కార్డు పనిచేస్తుంది. డిశ్చార్జి తర్వాత ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో 10 రోజుల మందులు, ఆయుష్మాన్‌లో 15 రోజుల దాకా ఖర్చు. పదకొండో రోజున రోగి తన జేబు తడుముకోవాలి. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాడికి రక్తం గడ్డకట్టకుండా ఉండే మాత్రలు నెలల తరబడి కావాలి. మధ్యలో మానేస్తే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. అప్పుడు మళ్లీ అంబులెన్సు, మళ్లీ అడ్మిషన్, మళ్లీ లక్షల ప్యాకేజీ. ఆ లక్షలు ప్రభుత్వం కడుతుంది, మాత్రల డబ్బు రోగి కడతాడు.

దీన్ని ఆరోగ్యశ్రీ పథకం రాసినవాళ్లు గుర్తించలేదని అనలేం. 125 చికిత్సలకు ఏడాది పాటు ఫాలో-అప్ ప్యాకేజీ పెట్టారు. కన్సల్టేషన్, పరీక్షలు, మందులు అన్నీ అందులోనే. మంచి ఆలోచన. చిక్కల్లా, దాని కోసం మళ్లీ నగరంలోని ఆ నెట్‌వర్క్ ఆసుపత్రికే వెళ్లాలి. ఉట్నూరు నుంచో, అరకు నుంచో తోడుగా ఒక మనిషిని తీసుకుని బయల్దేరితే చార్జీలు, తిండి, పోయిన కూలి కలిపి మందుల ఖరీదును దాటిపోతాయి. పైగా అలాంటి ప్యాకేజీ ఒకటి ఉందని డిశ్చార్జి రోజున విడమరిచి చెప్పేవాళ్లు అరుదు. ఉన్న హక్కు తెలియక పోగొట్టుకునేవాళ్లను చూస్తే లేని హక్కు కోసం కొట్లాడేవాళ్ల కంటే ఎక్కువ జాలి వేస్తుంది.

మంచానికే డబ్బు అన్న నియమం మరో వంకర కూడా తెచ్చింది. స్కానింగుకు కార్డు పనిచేయదు, అడ్మిట్ అయితే పనిచేస్తుంది అన్నప్పుడు రోగీ ఆసుపత్రీ ఇద్దరూ ఒక రాత్రి అడ్మిషన్‌కు ఒప్పుకుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో అవసరం ఉన్నా లేకపోయినా గర్భసంచులు తీసేస్తున్నారన్న గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. చివరికి ఆ ఆపరేషన్‌తో సహా కొన్నింటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది.

అయితే ఓపీ మందులను కూడా బీమాలో కలిపేస్తే సరిపోతుందా? సరిపోదనే నా అభిప్రాయం. బీమా పని ఎప్పుడు వస్తుందో తెలియని పెద్ద నష్టాన్ని నలుగురికీ పంచడం. ఇల్లు కాలిపోతుందని బీమా చేస్తాం గానీ, రోజూ పొయ్యిలో పెట్టే కట్టెలకు బీమా చేయం గదా. బీపీ మాత్ర రేపు కావాలి, ఎల్లుండీ కావాలి, పదేళ్ల తర్వాతా కావాలి. అందులో అనిశ్చితి ఎక్కడుంది? 200 రూపాయల క్లెయిమును పరిశీలించి, ఆమోదించి, చెల్లించే తతంగానికే అంతకు మించి ఖర్చవుతుంది. దొంగ బిల్లుల సంగతి సరేసరి. నెట్‌వర్క్ ఆసుపత్రులకు బకాయిలు పేరుకుపోయి సేవలు ఆపేసిన ఘట్టాలు రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. ఆ క్యూలో మందుల షాపుల బిల్లులు కూడా కలిపితే ఏమవుతుందో ఊహించుకోండి. మాత్రకు కావలసింది బీమా కాదు, సరఫరా. డీఈసీ మాత్రలాగా.

దీనికి దేశంలోనే దారులున్నాయి. తమిళనాడు 1995 నుంచి ఒక కార్పొరేషన్ ద్వారా మందులు మొత్తంగా కొని, జిల్లా గిడ్డంగుల్లో ఉంచి, ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఇచ్చింది. అందులో ఉన్న విలువ మేరకు ఆసుపత్రి తనకు కావలసిన మందులు తెచ్చుకుంటుంది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2న ఉచిత మందుల పథకం మొదలుపెట్టింది. అక్కడ ప్రభుత్వాసుపత్రి ఓపీకి వచ్చిన ఎవరికైనా, పేదా గొప్పా తేడా లేకుండా, మందు ఇస్తారు. మన రెండు రాష్ట్రాల్లోనూ మందులు కొనే కార్పొరేషన్లు ఉన్నాయి, జిల్లా మందుల గిడ్డంగులు ఉన్నాయి. యంత్రం ఉంది. దానికి ఆరోగ్యశ్రీకి ఇచ్చినంత ప్రతిష్ఠ ఎవరూ ఇవ్వలేదు. గిడ్డంగికి రిబ్బను కత్తిరిస్తే ఫొటో బాగా రాదు మరి.

బల్క్ మందులకు పేరుపడ్డ హైదరాబాదు పక్కనే కూర్చుని ఈ మాటలు చెప్పుకోవలసి రావడం విచిత్రం. ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ ఇక్కడ పెట్టిన కర్మాగారంలో పని నేర్చుకున్నవాళ్లు, 1970 పేటెంటు చట్టం ఇచ్చిన వెసులుబాటుతో, మందులను చౌకగా చేయడం ప్రపంచానికి చూపించారు. చౌకగా తయారుచేయడం మనకు కొత్త కాదు.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో వైద్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో జనం సొంతంగా పెట్టుకున్నది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గుదల నిజమే, సంతోషించాల్సిందే. కానీ వందలో ఇంకా 39 రూపాయలు జేబులోంచే పోతున్నాయి, అందులో మందుల షాపు వాటా చిన్నది కాదు.

విద్యార్థులు కొందరు ముందే అడిగారు, 'రోగికి మేం ఏం చెప్పాలి సార్' అని. కాసేపు ఆ సంగతి.

కార్డు మీద చేరే రోగి ముందుగా కలవాల్సింది ఆసుపత్రిలో పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్రను. అప్రూవల్ వచ్చిందా, ఏ ప్యాకేజీ కింద వచ్చింది, అందులో ఏమేం ఉన్నాయి అని ఆ కౌంటరు దగ్గరే అడగాలి. మందులు, పరీక్షలు, తిండి ప్యాకేజీలో భాగమే. వాటికి విడిగా డబ్బు అడిగితే 104కు ఫోన్ చేయొచ్చు. డిశ్చార్జి రోజున రెండు ప్రశ్నలు తప్పనిసరిగా అడగమనండి: ఇంటికిచ్చే 10 రోజుల మందులేవి, ఈ జబ్బుకు ఫాలో-అప్ ప్యాకేజీ ఉందా? డిశ్చార్జి సమ్మరీ ఒరిజినల్, బిల్లులు ఒక కవరులో భద్రంగా ఉంచమనండి. కార్డు పడని వైద్యమైతే ముఖ్యమంత్రి సహాయ నిధికి అవే ఆధారం.

బీపీ, షుగరు రోగులు నెలనెలా మందుల షాపుకు వెళ్లక్కర్లేదు. పీహెచ్‌సీలో, ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వంటివి ఇస్తారు. ఇక్కడొక తిరకాసు ఉంది. పట్నం డాక్టరు మూడు మందులు కలిపిన ఒకే మాత్రను కంపెనీ పేరుతో రాస్తాడు. ఆ చీటీ చూపిస్తే పీహెచ్‌సీలో 'ఈ మందు మా దగ్గర లేదు' అంటారు. నిజానికి ఆ మూడింట్లో రెండో మూడో విడివిడిగా ఆ అలమరాలోనే ఉంటాయి. రోగి సొంతంగా మార్చుకోకూడదు. 'ఇవి విడిగా వేసుకోవచ్చా' అని డాక్టరును అడగాలి. మీరు రేపు డాక్టర్లయ్యాక వాళ్లు అడిగేదాకా ఆగకండి, అసలు పేరు రాయండి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ జెనరిక్ పేర్లే రాయాలని నిబంధన తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టింది. నిబంధన పక్కకు పోయినా మీ పెన్ను మీ చేతిలోనే ఉంది. జన ఔషధి కేంద్రంలో డబ్బాల మీద ఉండేవి ఆ పేర్లే. 2008లో మొదలైన ఆ దుకాణాలు 2023 నవంబరు నాటికి 10 వేలకు చేరాయి. అక్కడ అన్నీ దొరకవు, అయినా దొరికిన మేరకు ఖర్చు బాగా తగ్గుతుంది.

ఫ్యాక్టరీల్లో, షాపుల్లో పనిచేసేవాళ్లకు ఈఎస్ఐ ఉంది. 1948 చట్టంతో వచ్చింది. మన పథకాలన్నింటిలోనూ నాకు ఎక్కువ గౌరవం దీని మీదే, ఎందుకంటే ఓపీ మందు మొదటినుంచీ ఇందులో భాగం. కార్మికుడి జీతంలో 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. డిస్పెన్సరీలో క్యూలు, స్టాకు లేదన్న మాటలు ఉన్నాయి, కాదనను. అయినా మాత్రను హక్కుగా లెక్కేసిన చట్టం ఇది. దీని బలహీనత నెల జీతం మీద పెట్టిన 21 వేల గీత. 2017 నుంచి అక్కడే ఆగిపోయింది. జీతం 22 వేలైతే, నడుస్తున్న ఆరు నెలల చందా గడువు ముగిశాక ఈఎస్ఐ పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వార్షికాదాయ పరిమితి 5 లక్షలు కాబట్టి అతనికి వైద్యసేవ ఉంటుంది, మంచానికి. తెలంగాణ పట్టణాల్లో ఆరోగ్యశ్రీకి ఆధారమైన ఆహారభద్రత కార్డుకు ఏడాదికి 2 లక్షలే గీత. వెయ్యి రూపాయల ఇంక్రిమెంటు తీసుకున్న మనిషి రెండు కార్డులకూ బయట నిలబడతాడు. జీతం పెంచమాకండి అని యజమానిని బతిమాలుకునే కార్మికులు ఉన్నారంటే నవ్వకండి.

డెబ్బై నిండినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, 5 లక్షలకు. తీసుకోండి, తీసుకోమని చెప్పండి. కానీ అదీ మంచానికే. ఆ వయసువాళ్ల తలగడ పక్కనుండే మాత్రల డబ్బాకు ఆ కార్డుతో సంబంధం లేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి చెప్పకుండా ఈ విషయం వదలలేను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడితోటల మధ్య కిడ్నీ జబ్బు ఎందుకింతగా ఉందో ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ కార్డు మీద జరుగుతోంది, డయాలసిస్ రోగులకు పింఛను ఉంది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఇదంతా కిడ్నీ పూర్తిగా చేతులెత్తేసిన తర్వాత. అంతకుముందు దశలో ఉన్న మనిషికి కావలసింది క్రియాటినిన్ పరీక్ష, బీపీని అదుపులో ఉంచే మాత్ర, నొప్పి మాత్రలు మింగొద్దని చెప్పే మనిషి. డయాలసిస్‌ను ఏళ్ల తరబడి వెనక్కి నెట్టగలిగేవి ఇవే. వీటికి ప్యాకేజీ నంబరు లేదు.

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కొత్త విధానాన్ని ఆమోదించింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే ట్రస్టు. ఎవరు చెల్లించినా నాకు అభ్యంతరం లేదు. నేను కోరేది చిన్నది. కార్డు మీద చేరిన ప్రతి రోగి ఊరూ మండలమూ ట్రస్టు కంప్యూటరులో ఇప్పటికే ఉన్నాయి, డిశ్చార్జి నాటి మందుల జాబితా కూడా ఆ ఆసుపత్రి అప్‌లోడ్ చేసేదే. ఆ జాబితా, అసలు పేర్లతో, అదే రోజున ఆ మండలంలోని పీహెచ్‌సీకి వెళ్లాలి. ఫార్మసిస్టు దాన్ని తన ఇండెంటులో కలుపుకోవాలి. ఫాలో-అప్ ప్యాకేజీలో మందుల వాటాను నగర ఆసుపత్రికి బదులు జిల్లా గిడ్డంగికి మళ్లిస్తే సగం పని పూర్తవుతుంది. స్టెంట్, కిడ్నీ మార్పిడి, పక్షవాతం, మూర్ఛ, కీళ్లవాతం, ఈ ఐదింటితో మొదలుపెట్టినా చాలు. ముందు ఒక జిల్లాలో చేసి చూడొచ్చు. ఆరోగ్యశ్రీ కూడా మూడు జిల్లాలతోనే మొదలైంది.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. పీహెచ్‌సీలో స్టాకు ఉండదు, ఫార్మసిస్టు పోస్టు ఖాళీ, వర్షాకాలంలో అలమరా చెమ్మ. నిజమే. కొన్నిచోట్ల ఒక్క ఫార్మసిస్టే మందులూ ఇవ్వాలి, రిజిస్టరూ రాయాలి, ఆన్‌లైన్ ఎంట్రీలూ కొట్టాలి. ఆ పోస్టులు ముందు నింపాలి. పరిమితిని మరో ఐదు లక్షలు పెంచుతామనే ప్రకటనకు అయ్యే ఖర్చుతో పోలిస్తే అది ఎక్కువో తక్కువో ఆర్థిక శాఖవాళ్లు ఇక్కడే ఉన్నారు, చెప్పగలరు. వారి మాట విన్న తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.